అచ్చుకెక్కని ఆపరేషన్లు

అచ్చులో ఉంది కదా అని ఎవరైనా నాతో వాదిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను నర్సుగా పనిచేసిన రోజుల్లో, ఆ అచ్చును నమ్మి మా అన్న కడుపు కోశారు.

రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌గా మారిన కొత్త రోజులు. కరీంనగర్ జిల్లాలో ఒక దవాఖానలో నా డ్యూటీ. అన్న మెట్‌పల్లిలో మగ్గం నేసేవాడు. కడుపులో పుండు. తింటే మంట, తినకపోతే ఇంకా మంట. నొప్పి లేచినప్పుడు మగ్గం గుంటలోనే ముడుచుకుని పడుకునేవాడు. చివరికి వదిన అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చింది.

మా సర్జన్ కోస్తా నుంచి వచ్చిన కుర్ర డాక్టరు. చెడ్డవాడని అనను. పాత పద్ధతిలో కడుపును పేగుకు కలిపి కుట్టేవారు. ఆయన విదేశీ పత్రికలో కొత్తది చదివాడు. కడుపుకు పోయే నరం కోస్తే చాలట, పుల్లనీరు ఊరడం తగ్గి పుండు దానంతట అదే మానుతుందట.

"చేయించుకున్నవాళ్ళంతా బాగున్నారని రాశారు సిస్టర్," అని పేజీ తెరిచి చూపించాడు.

అన్న ఆ ఇంగ్లీషు అక్షరాల వైపు భక్తిగా చూశాడు. "గంత పెద్ద బుక్కుల రాసిండ్రంటే ఉత్తగ రాస్తరా చెల్లె? చెయ్యమను," అన్నాడు.

ఆపరేషన్ అయింది. మంట పోయింది. అన్న నవ్వాడు, వదిన మొక్కులు గుర్తు చేసుకుంది. ఆ తర్వాత వాంతులు మొదలయ్యాయి. నిన్న తిన్న అన్నం ఇవాళ మెతుకులు మెతుకులుగా బయటికి వచ్చేది. నరం తెగిన కడుపు తిన్నదాన్ని కిందికి తోయడం మానేసింది. మనిషి ఎముకల గూడయ్యాడు.

సర్జన్ భయపడి మంచిర్యాల దిక్కు నుంచి ఒక పెద్ద డాక్టరును పిలిపించాడు. ఆయన అన్న పొట్ట మీద చెయ్యి వేసి చూసి, బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ అన్నాడు: "నరం ఒక్కటే కోస్తే గిట్లనే అయితది. బొగ్గుబాయి పనోళ్ళకు నేను చేసి చూసిన. పాతదాని కంటె మంచిగేం లేదు. కొంతమందికి గీ వాంతులే."

సర్జన్ మొహం పాలిపోయింది. "మరి ఎక్కడా రాయలేదేం సార్?"

"రాసిన. పాతదానికి, కొత్తదానికి చెప్పుకోదగ్గ తేడా తేలలే, గిందుల విశేషమేమున్నదని పత్రికోళ్ళు తిప్పి పంపిండ్రు. ఇగ ఊకున్న."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పత్రికోళ్ళు వేసుకోకుంటే మీకు నోరు లేదా సార్? పక్క దవాఖానల్ల గిదే కోస్తుండ్రని ఎరుక లేదా? జర ఒక్క మాట చెప్తే మా అన్నకు గీ గతి పట్టునా?" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని, తువ్వాలు పక్కన పెట్టి, తిరిగి అన్న మంచం దగ్గరికి నడిచాడు.

మళ్ళీ కడుపు తెరిచి పేగుకు దారి కలిపారు. తట్టుకునే బలం అన్నలో మిగల్లేదు. అన్నం అన్నం అని అడుగుతూనే పోయాడు. నేను నర్సునన్న సంగతి మరిచి, అందరి ముందూ గుండెలు బాదుకుని ఏడ్చాను.

వదినకు మా వార్డులోనే ఆయా పని దొరికింది. కొంతకాలానికి, తాను చేసిన కొత్త ఆపరేషన్ల మీద సర్జన్ రాసిన వ్యాసం పత్రికలో అచ్చయింది. సంతోషంగా అందరికీ పేడాలు పంచాడు. నా వంతు వచ్చేసరికి నేను చెయ్యి చాచలేదు.

"దాంట్ల మా అన్న ఉన్నడా సార్?"

"ఉన్నాడు సిస్టర్. ఎవర్నీ వదల్లేదు."

ఒక్క క్షణం నా మనసు చల్లబడింది. "ఏమని రాసిండ్రు?"

ఆయన చేతిలోని పేడాల డబ్బా వైపు చూశాడు. "బాగైనవాళ్ళలో. రెండోసారి తెరిచినప్పుడు చూశాం కదా, పుండు పూర్తిగా మానిపోయింది. వ్యాసం పుండు గురించే."

"వాంతులు? పాణం పోవుడు?"

"అవి కూడా కలిపితే పాత పద్ధతికీ దీనికీ తేడా నిలవదు సిస్టర్. అప్పుడు ఎవరూ వేసుకోరు."

నేను వదినను కేకేశాను. "మీ నోటితోనే చెప్పుండ్రి సార్, నీ పెనిమిటి బాగైండమ్మా అని."

వదిన చీపురు పక్కన పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆయన ఆమె చేతిలో ఒక పేడా పెట్టి వెళ్ళిపోయాడు.