మళ్లీ దిగిపోయిన వీరుడు

చాతం రేవులో బాంబూఫ్లాట్ వెళ్లే ఫెర్రీ కదలబోతుండగా, నా పక్కన నిలబడ్డ ఒకతను మళ్లీ జెట్టీ మీదికి దూకేశాడు.

"సూసినారా భయ్యా, మళ్లీ దిగిపోనాడు! ఎప్పుడూ ఇదే తమాషా," అని అతని భార్య నాతో విసుక్కుంది.

సునామీ నాడు అతని చేపల బోటు తిరగబడిందట. తోటివాడు పోయాడు. ఇతనొక్కడే చెక్క పట్టుకుని తేలి ఇల్లు చేరాడు. బాంబూఫ్లాట్‌లో ఉండే ఆ తోటివాడి భార్య, తన మొగుడు ఎలా పోయాడో ఇతని నోటి నుంచే వినాలంటోందట. వెళ్దామని ఎక్కుతాడు, కదిలేలోగా దిగిపోతాడు.

నేను ఓదార్చబోయాను. "పాత గ్రీకు కావ్యంలో ఒక వీరుడున్నాడమ్మా. తనవాళ్లందరినీ సముద్రంలో పోగొట్టుకుని ఒంటరిగా ఇల్లు చేరాడు. అయినా లోకం మెచ్చుకుంది."

"ఆ పోయినోళ్ల పెళ్లాలకి ఏం సెప్పినాడంట?"

ఆ సంగతి కావ్యంలో లేదన్నాను.

"సరిపోయింది! ఈయనా అలాటి హీరోయే."

బాంబూఫ్లాట్ జెట్టీలో ఒకామె దిగేవాళ్ల ముఖాల్లో ఎవరినో వెతుకుతూ నిలబడి ఉంది. అంతసేపూ మొగుణ్ణి తిట్టిన ఈవిడ, ఆమె కంట పడకుండా నా వెనక్కి తప్పుకుంది.