ఫొటో కోసం ఆగిన డోలీ

ముంచింగిపుట్టు సంతలో ఎప్పుడు కనిపించినా ఆ ముసలమ్మ నన్ను అడిగేది ఒకటే: "ఫొటో పడిందా బాబూ?"

నేను పేపరు విలేకరిని. ఒకసారి, రోడ్డు లేని వాళ్ల కొండ ఊరి నుంచి రోగిని కర్రకు కట్టి మోసుకొస్తున్న డోలీ ఫొటో పేపర్లో వస్తే మర్నాడే అధికారులు కొండెక్కారు. అది ఆమె మనసులో నాటుకుపోయింది. కోడలికి నొప్పులొచ్చిన రోజు డోలీని వానలో, సగం దారిలో ఆపించి, కింది ఊళ్లో ఉన్న నాకోసం మనిషిని పంపింది. నేను వెళ్లేసరికి డోలీలో కోడలు మూలుగుతోంది.

"ఆపీసేరేటమ్మా? బేగి దింపండి!" అని అరిచాను.

"నువ్వు ఫొటో తియ్యకుండా ఎల్తే మమ్మల్ని ఎవులు సూత్తారు బాబూ?"

తీశాను. పడిందని చెప్పాకే మోసేవాళ్లని డోలీ కర్ర భుజాలకెత్తనిచ్చింది.

అక్కడ సిగ్నల్ లేదు. ఆ ఫొటో నేనెవరికీ పంపనేలేదు. అయినా రోడ్డు మీద అంబులెన్స్ నిలబడి ఉంది. ఎవరు పిలిచారో నాకిప్పటికీ తెలీదు. ఆమె మాత్రం నా ఫోను వైపు తృప్తిగా చూసింది.

చివరిసారి చూసిందీ సంతలోనే. ఒళ్లు కాలిపోతున్న మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. ఆస్పత్రి ఎదురుగానే ఉంది.

"ముందు గుంటడి ఫొటో తియ్యి బాబూ, తరవాత లోపలికెల్తాం."

ఫోను పైకెత్తి, ఫొటో తియ్యకుండానే, ఆమె అడక్కముందే అన్నాను: "పడిందమ్మా."