మెల్లగా నడపాల్సిన నెల

మొన్న ఆదివారం ఉదయం ఏడుంపావుకు మా కారు స్టార్టయింది గానీ, వెనక గొట్టంలోంచి వచ్చిన నీలం పొగకు ఎదురింటావిడ ఆరేసిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మాదన్నపేటలో మాకు ఏళ్లుగా తెలిసిన మెకానిక్ భాయ్ వచ్చి బానెట్ ఎత్తి చూశాడు. "ఇంజన్ బోరుకొచ్చింది సాబ్. చేయిస్తే ఇంకొన్నేండ్లు ఫికర్ లేదు. లేదంటే అమ్మేయుండ్రి, గిరాకీ నేనే తెస్త. పొద్దుగూకే లోపల జెప్పుండ్రి," అన్నాడు. మా ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆమె కూర్చున్న సీటును పరాయివాళ్లకు ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.

మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, బోరు చేయించడమంటే ఇంజన్ మొత్తం విప్పి, అరిగిన సిలిండర్లను చెక్కించి, కొత్త పిస్టన్లు వేయించడం. ఆ భాగాలు ఒకదానికొకటి అలవాటు పడేదాకా, నెల రోజుల పాటు బండి వేగం నలభై కిలోమీటర్లు దాటనివ్వకూడదు. పని లేకపోయినా ఖాళీ రోడ్డు మీద మెల్లగా తిప్పుకుని రావాలి.

మొదటిసారి ఈ పని పడ్డప్పుడు నేను కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగిని. ఇంట్లో అమ్మా బాపూ, ఇద్దరు తమ్ముళ్లూ, పిల్లలూ ఉండేవాళ్లు. ఆలుమగలం నాలుగు మాటలు చెప్పుకోవడానికి చోటుండేది కాదు. కారు అమ్మేసి వేరేది కొందామని తమ్ముళ్లన్నారు, నేనూ సరేనన్నాను. అలాంటి విషయాల్లో ఎన్నడూ నోరు విప్పని మా ఆవిడ మాత్రం బాగుచేయిద్దామని పట్టుబట్టింది. పొదుపు కోసమే అనుకున్నాను.

ఆ నెలంతా పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, తెల్లవారుతూనే ఇద్దరం శ్రీశైలం రోడ్డు పట్టేవాళ్లం. పాలక్యాన్లతో పోయే మోపెడ్ మమ్మల్ని దాటిపోతే ఆమె పగలబడి నవ్వేది. "పాలాయన గూడ దాటిపాయె, మన బండికి సిగ్గు లేదా?" అనేది. నేను కొంచెం వేగం పెంచబోతే, "వద్దు, గిట్లనే పోనీ, మంచిగున్నది," అనేది. చదువు మానిపించినందుకు ఆమె ఎంత ఏడ్చిందో, పుట్టింట్లో చిన్నతనంలోనే పోయిన చెల్లెలు ఎలా ఉండేదో, మా అమ్మ మీద ఆమెకు ఎంత కోపముందో ఆ రోడ్డు మీదే మొదటిసారి విన్నాను. మరికొన్నేళ్లకు ఇంజన్ పని మళ్లీ వచ్చినప్పుడు, అమ్మేద్దామన్న మాట నేను ఎత్తలేదు.

మధ్యాహ్నం మా అమ్మాయికి ఫోన్ చేసి, బాగుచేయిద్దామనుకుంటున్నానని చెప్పాను. "చేయించు నాయినా. కానీ ఆ నెల రోజులు ఒక్కనివే తిప్పుతవా?" అని అడిగింది. ఖాళీ సీటు పక్కన పెట్టుకుని నలభైలో పోవడం ఊహించుకున్నాను. నావల్ల కాదనిపించింది.

సాయంత్రం అమ్మేయమని భాయ్‌కి తాళాలు ఇచ్చాను. "మేడమ్ ఉంటే ఒప్పుకోకపోవు సాబ్," అన్నాడు. ఆమె ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ని కాదని చెప్పాను.

కొత్త కారు చూడబోయిన చోట, మొదటి నెల మెల్లగా నడపాలా అని అడిగాను. "ఏం అవసరం లేదు సార్, ఇయ్యాల్నే హైవే ఎక్కుండ్రి," అన్నాడు అమ్మే అతను. నిజమే కావచ్చు. ఇప్పుడు ఇంజన్ కోసమని ఎవరూ మెల్లగా నడపరు.