విమానంలోంచి చంద్రిని పిలిచిన నర్సమ్మ

మా వంటింటికి ఇత్తడి గిన్నెలు కొనాలన్న సరదాతో ఈ ప్రయాణం మొదలైంది. నాన్‌స్టిక్ పెనాలు ఒక్కొక్కటే పెచ్చులూడుతుంటే, బేగంబజార్‌లో తూకం లెక్కన మంచి ఇత్తడి దొరుకుతుందని సంతోష్‌నగర్‌లో ఉండే నా స్నేహితురాలు సుభద్ర ఎప్పటినుంచో ఊరిస్తోంది. విశాఖ నుంచి రాత్రి రైలెక్కితే ఖర్చు తక్కువే. కానీ కాలేజీలో నాకు దొరికింది రెండు రోజుల సెలవు. అందుకని ఒక మధ్యాహ్నం విమానంలో వెళ్లి, మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చేలా టికెట్లు తీసుకున్నాను. నెల ముందే కొనుక్కుంటే రానూపోనూ ఏడువేల చిల్లర అయింది. గిన్నెల సంగతి తర్వాత చెబుతాను. ముందు పక్క సీట్లో కూర్చున్నావిడ గురించి చెప్పాలి. రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. నేను కాలేజీలో చెప్పేది తర్కశాస్త్రం. నా పాఠం వినే పిల్లలు ఈ బ్లాగు కూడా చదువుతారు మరి.

విమానం రెండు గంటలకు బయలుదేరాలి. రెండున్నర దాటాక గానీ ఎక్కించుకోలేదు. నాది కిటికీ సీటు. పక్కన అరవై ఏళ్లు ఉండొచ్చనిపించే ఒకావిడ, ఒళ్లో గుడ్డసంచి, చెవికి చిన్న బటన్ల ఫోను. తలుపులు మూసేశారు, బెల్టులు పెట్టుకోమన్నారు, ఆవిడ గొంతు మాత్రం తగ్గలేదు.

“సుజాతా, గడ్డిదాన్ని దాని ముంగట నిలబెట్టినవా? తల దాని దిక్కు పెట్టు. తోక కాదే, తల!”

ఎయిర్‌హోస్టెస్ వచ్చి ఫోన్ ఆపమంది. “ఒక్క నిమిషం తల్లీ, బర్రె లైన్ల ఉన్నది” అంది ఆవిడ. చుట్టూ నవ్వులు. ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి, “విమానాన్ని కొట్టం చేసినవు గదమ్మా!” అన్నాడు.

“పొద్దుగాల నువ్వు తాగిన చాయ్‌ల పాలు ఏడికెంచి వచ్చినయ్ నాయినా? నల్లా తిప్పితే వచ్చినయా?”

ఆయన ముందుకు తిరిగి బెల్టు బిగించుకున్నాడు. ఎయిర్‌హోస్టెస్ నా వంక చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు. ఇలాంటప్పుడు గొంతు పెంచితే అవతలివాళ్లు ఇంకా మొండికేస్తారని నా అనుభవం. ఎవరితో మాట్లాడుతున్నారని మెల్లగా అడిగాను. అడిగితే చాలన్నట్టు చెప్పేసింది. పేరు నర్సమ్మ, సైదాబాద్‌లో పాల వ్యాపారం.

“నా బిడ్డ కాన్పుకని విశాఖ వచ్చిన. గిటు బిడ్డకు కొడుకు పుట్టె, గటు నా బర్రె చంద్రికి దుడ్డె చచ్చిపాయె. దుడ్డె కనపడకుంటే బర్రె పాలు చేపదు, లోపటికే గుంజుకుంటది. గందుకే దుడ్డె తోలు తీపిచ్చి, గడ్డి కుక్కి, దాని ముంగట నిలబెట్టిన్రు. వాసన చూస్తది, నాకుతది. గని నా గొంతు గూడ ఇనపడాలె. కోడలు ఫోను గుంజకు కడ్తది, నేను ఇటునుంచి పిలుస్త. ఇయ్యాల పొద్దుగాల సగమే ఇచ్చింది. ఈ పూట గూడ ఇయ్యకపోతే రేపు బేరగాన్ని పిలుస్తనని నా కొడుకు కూసున్నడు. ముసలి బర్రె. దాన్ని ఎవరు కొంటరో, ఎందుకు కొంటరో నీకు చెప్పాల్నా బిడ్డా?”

పాలు పిండే వేళకు హైదరాబాద్‌లో దిగి ఫోన్ చేయొచ్చని అల్లుడు విమానం టికెట్ కొనిచ్చాడట. ఆ వేళ మూడున్నర. ఆలస్యం వల్ల అప్పటికి మేం గాల్లోనే ఉంటాం.

పైకెళ్లాక ఎలాగూ సిగ్నల్ రాదని, ఇప్పుడు ఆపకపోతే దింపేసినా దింపేస్తారని నచ్చజెప్పాను. నర్సమ్మ ఎర్ర బటన్ నొక్కిపట్టింది. చిన్న పాట మోగి తెర నల్లబడింది. “నా చేతుల ఉంటే నేను ఆగ. నువ్వే పెట్టుకో” అని ఫోను నాకిచ్చింది. నేను దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్ పెట్టాను. ఈ రెండు పనులూ నేనే చేశాను. తర్వాత ఎన్నిసార్లు అనుమానించుకున్నా ఇందులో తేడా రాలేదు.

మబ్బులు దాటాక విమానం సర్దుకుంది. చాలామంది కళ్లు మూసుకున్నారు. నర్సమ్మ నా గడియారం వంక చూసింది. తర్వాత కుడి అరచేతిని దొప్పలా మడిచి చెవికి ఆనించుకుంది. ఖాళీ చెయ్యి.

“ఓ చంద్రీ... రా తల్లీ... నేను ఈడనే ఉన్న... చేపు బిడ్డా, చేపు...”

ముందు జాలేసింది. అలవాటుకొద్దీ చేస్తోందనుకున్నాను. కానీ మధ్యమధ్యలో ఆగి వింటోంది. విన్నాక తలాడించి జవాబిస్తోంది. “ఆఁ, బకెటు జర దగ్గరికి జరుపు సుజాతా... చూసినవా, నురుగు వస్తున్నది గద!” ఇంజన్ల హోరు కింద ఆ గొంతు సన్నగా, లాలిపాటలా సాగుతోంది. అటువైపు కూర్చున్న అమ్మాయి చున్నీ తలమీదికి లాక్కుంది. ఇందాక నవ్వినవాళ్లు ఎవరూ ఇప్పుడు నవ్వడం లేదు. ఆవిడ ఆగినప్పుడల్లా నేనూ చెవి రిక్కిస్తున్నానని గమనించుకున్నాక భయమేసింది. ఆవిడ మోచేతి మీద చెయ్యి వేసి అన్నాను:

“అమ్మా, చాలు, ఆపండి. ఇక్కణ్నుంచి ఎవరికీ వినపడదు.”

నర్సమ్మ ఆగింది. చెయ్యి మాత్రం చెవి దగ్గరే ఉంది. అలాగే కొంతసేపు విని, అరచేతిని ఒళ్లోకి దించి దానివంక చూసింది.

“ఆగిపోయింది” అంది.

“ఏంటమ్మా?”

“పాలు.”

గుడ్డసంచి మూతిని ముడేసి, దిగడానికి సిద్ధంగా పట్టుకుంది.

శంషాబాద్‌లో విమానం ఆగీ ఆగగానే గుడ్డసంచితో అందరికన్నా ముందు వెళ్లిపోయింది. నేను సామాన్ల బెల్టు దగ్గర గిన్నెల కోసం తెచ్చుకున్న ఖాళీ సూట్‌కేసు కోసం నిలబడి, మంచినీళ్ల సీసాకని బ్యాగు తెరిస్తే ఆవిడ ఫోను కనిపించింది. తెర ఇంకా నల్లగానే ఉంది. అక్కడే ఆన్ చేశాను. బయటికొచ్చి చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్లే ఎయిర్‌పోర్టు బస్సెక్కాను. మూడు వందల లోపే టికెట్, సంతోష్‌నగర్‌లో దిగొచ్చు, క్యాబ్ అయితే దానికి మూడు రెట్లు. దారిలో ఫోను మోగింది. “అక్కా, నేను సుజాతను, నర్సమ్మ కోడల్ని. అత్తమ్మ గిప్పుడే ఇంటికొచ్చింది. ఫోను మీ కాడనే మరిచిపోయిందట.” నేను దిగేచోటికి దగ్గరే కాబట్టి తెచ్చిస్తానని చెప్పి, నా నంబరు కూడా ఇచ్చాను.

సంతోష్‌నగర్‌లో ఆటో మాట్లాడుకున్నాను. ఆగి, మళ్లీ వెనక్కి తీసుకురావడానికి రెండు వందలు. పాల కొట్టాలున్న సందు అనగానే డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. “బర్రె కొంటరా మేడం? చూస్తే టీచర్ లెక్క ఉన్నరు.”

“ఒక ఫోను ఇచ్చి రావాలి.”

“బర్రెకా?” అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ రాలేదు.

చేరేసరికి వెలుతురు తగ్గుతోంది. అపార్ట్‌మెంట్ల మధ్య రేకుల కొట్టం. డ్రైవర్ నాకన్నా ముందే గేటు దగ్గర నిలబడి గట్టిగా అరిచాడు. “అమ్మా, ఎవరన్నా ఉన్నరా? మేడం వచ్చిన్రు!” లోపల ఐదారు బర్రెలు, ఒక్కటీ చెవి కూడా కదపలేదు. చివర్లో ఒక బల్బు కింద నర్సమ్మ బకెట్టుతో కూర్చుని ఉంది. పక్కన కోడలు. బర్రె ముందు ఆ దుడ్డె.

నాలుగు కర్రల మీద నిలబెట్టిన తోలు. కడుపు దగ్గర కుట్టు విడిపోయి గడ్డి బయటికి వచ్చింది. కళ్లుండాల్సిన చోట రెండు ముడతలు. తల్లి నాకీ నాకీ నుదుటి మీద వెంట్రుకలు ఊడిపోయి తోలు నున్నగా మెరుస్తోంది. చంద్రి దాన్ని ఇంకా నాకుతూనే ఉంది, నర్సమ్మ గొణుగుతూనే ఉంది, బకెట్లో మాత్రం చప్పుడు లేదు.

“నర్సమ్మగారూ, ఫోన్ తెచ్చాను” అన్నాను.

చంద్రి నాకడం ఆపేసింది. తల ఎత్తి, మెడ మొత్తం తిప్పి, నన్ను చూసింది. ఒళ్లంతా ఒకసారి వణికింది. కాలు విసిరితే బకెట్టు దొర్లి నా చెప్పుల దాకా వచ్చింది.

“గిదే గొంతు అత్తమ్మా!” అంది సుజాత. నావైపు తిరిగి, “అక్కా, మూడున్నరకు మస్తుగ ఇచ్చుడు షురూ చేసింది. అత్తమ్మ పిలుస్తనే ఉండె, ఫోను కట్ గాలేదు. నడిమిట్ల ఎవరో ‘అమ్మా, చాలు, ఆపండి’ అన్నరు. గంతే, తన్నింది. గప్పటిసంది చుక్క లేదు” అంది.

నా బ్యాగు జిప్ నాకు గుర్తొచ్చింది. “అప్పుడు ఫోన్ ఆఫ్‌లో ఉంది. నా దగ్గరే ఉంది” అన్నాను. ఆ మాటకి చంద్రి మళ్లీ వణికింది. నర్సమ్మ ముందే ఇంటికి చేరింది కదా, విమానంలో జరిగింది కోడలికి చెప్పే ఉంటుంది. ఆ ఒక్క ఊహే నన్ను నిలబెట్టింది. చెప్పి ఉండొచ్చు. బర్రెకి ఎవరు చెప్పారు?

నర్సమ్మకి ఇవేవీ పట్టలేదు. బకెట్టు కడిగించి మళ్లీ కింద పెట్టుకుంది. “అదంత పొద్దుగాల ముచ్చట పెట్టుకుందాం. పొదుగు రాయి లెక్క అయింది చూడు. నువ్వే ఆపమంటివి, నువ్వే రమ్మను.”

“నేనా? నాకు రాదమ్మా.”

“చాలు అనుడు వచ్చింది గద.”

డ్రైవర్ గేటు దగ్గర నవ్వు ఆపేసి చూస్తున్నాడు. నేను ఆ గడ్డి దుడ్డె పక్కకి వెళ్లాను. దగ్గరికెళితే ఉప్పు వాసన, ఎండుగడ్డి వాసన. ఎటు చూడాలో తెలియక దాని నున్నటి నుదుటినే చూస్తూ అన్నాను. “చంద్రీ... రా తల్లీ.” గొంతు నాది కానట్టుంది. “ఆపమన్నది నేనే. తెలియక అన్నాను. రా.”

బర్రె ఊపిరి నా చేతికి వేడిగా తగిలింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అది తల దించి దుడ్డె నుదురు నాకింది. దానితోపాటు నా వేళ్లు కూడా నాకింది. వెనక బకెట్లో సర్రుమని మొదటి ధార పడింది.

ఆ రాత్రి సుభద్రకి బర్రె గురించి చెప్పాను, ఫోను గురించి చెప్పలేదు. మర్నాడు పదకొండింటికి బేగంబజార్ వెళ్లాం. దుకాణాలు అప్పుడే తీస్తారు, రద్దీ తక్కువ. అడుగు మందంగా ఉన్న గిన్నెలు రెండూ, ఒక కాగూ కొన్నాను. కిలో ధరతో పాటు కళాయి ఖర్చు కూడా ముందే మాట్లాడుకోవాలని సుభద్ర చెప్పకపోతే నాకు తెలిసేది కాదు.

తిరుగు విమానం కూడా ఆలస్యమే. కిటికీ అవతల అవే మబ్బులు. గడియారంలో మూడున్నర. నర్సమ్మ ఇప్పుడు కొట్టంలోనే ఉంటుంది, నా అవసరం ఏమీ లేదు. అయినా ‘చంద్రీ, రా తల్లీ’ అన్న మాట నోట్లో నిలవలేదు. పక్కనున్న అమ్మాయి చిన్నగా నా భుజం తట్టి, “ఆంటీ, ప్లీజ్, ఫోన్ ఆపుతారా?” అంది. అప్పటిదాకా నా చెయ్యి చెవి దగ్గర ఉందని నాకు తెలియదు. అరచెయ్యి విప్పి చూపించాను. ఖాళీ చేతిని చూసి ఆ అమ్మాయి నాకు దూరంగా, కిటికీ వైపు జరిగి కూర్చుంది. విశాఖలో దిగాక సుజాత నుంచి ఒక కాల్ వచ్చి ఉంది. తిరిగి చేయలేదు. చేస్తే ఏం చెబుతుందో తెలియక కాదు. ఆ మాట విన్నాక నేను క్లాసులో నిలబడి పాఠం ఎలా చెప్పాలో తెలియక.

ఒక్క సలహా. పక్క సీటువాళ్లు ఫోన్‌లో మాట్లాడుతుంటే, విమానం కదలకముందే, ఎవరితో మాట్లాడుతున్నారని ముందు అడిగి, ఆ తర్వాతే మెల్లగా ఆపమనండి. విమానం గాల్లోకి లేచాక మాత్రం, ఎవరికీ వినపడదన్న ధీమాతో ఏ మాటా అనకండి.