‘జర ఆగు’ అన్నదెవరు?

నవ్వాలనుంటే ఇప్పుడే నవ్వేయండి... తర్వాత నవ్వలేరు. మా అవ్వ మీద ఒట్టు, ఒక్క ముక్క కూడా కల్పించడం లేదు.

తొంభైల్లో సంగతి. మోత్కూర్ నుంచి పోయి, సర్వే పని మీద ఒక చలికాలమంతా అంటార్కిటికాలో ఉన్నాను. అక్కడ బండలో ఉక్కు మేకు దిగ్గొట్టి, దాని మీద జీపీఎస్ యాంటెనా బిగించాం. ఉపగ్రహాల సంకేతాలు పట్టి, భూమి పైపొర ఎటు జరుగుతోందో చూడటం నా పని. ఏడాదికి గోరు పెరిగినంత కదలిక. మధ్యలో లెక్క తెగితే ఆ ఏటి కష్టమంతా గంగపాలే.

ఒక పొద్దున సంకేతం ఆగిపోయింది. పొద్దునంటే గడియారంలోనే... బయట చిమ్మచీకటి. సూర్యుణ్ని చూసి వారాలైంది.

యాంటెనా చూసి రావడానికి బయల్దేరాను. తోడుగా గౌస్ వచ్చాడు. మహబూబ్‌నగర్ మనిషి, మా బండ్ల మెకానిక్. ఇద్దరి నడుములకూ ఒకే తాడు.

కేబుల్ ఊడింది, అంతే. బిగించాం. పచ్చ దీపం వెలిగింది. తిరిగొస్తుంటే గాలి లేచింది... హూఁ... హూఁ... అని. మంచు పొడి కళ్లలో కొడుతోంది. టార్చి వెలుగు నా చెయ్యి దాటడం లేదు, వచ్చిన దారి ఎటో తెలియడం లేదు. నేను ముందు, గౌస్ వెనక.

అప్పుడు వినిపించింది.

"అన్నా... జర ఆగు!"

గౌస్ గొంతే. చెవి పక్కనే. ఆగిపోయాను.

గాలి కూడా... ఒక్క క్షణం ఆగింది. బూటు కింద మంచు కిర్రుమంది. మెల్లగా టార్చి కిందికి దించాను.

నా కాలి ముందు... మంచు లేదు. నల్లటి పగులు. వెలుగు దాని అడుగు తాకలేదు.

తాడు పట్టుకుని వెనక్కి పాకాను. గౌస్ కూలబడి ఉన్నాడు.

"బతికించినవ్ భాయ్. నువ్వు పిలువకుంటే పోయేటోణ్ని."

"నేనేడ పిలిచిన అన్నా? నువ్వే గద 'భాయ్, జర ఆగు' అన్నవ్! గందుకే ఆగిన."



గాలి తగ్గేదాకా వీపుకు వీపు ఆనించి కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఆకాశం అంచున... సన్నగా ఎర్రటి గీత. సూర్యుడు తిరిగొస్తున్నాడు! గౌస్ ఏడుస్తూనే నవ్వాడు.

"ఎవ్వలైతేంది అన్నా, మన దిక్కోడే. మన మాటనే మాట్లాడిండు."

సంగతి చెబితే, గాలి చప్పుడే అన్నారు మా క్యాంపు డాక్టరు. కావచ్చు... నాకైతే ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత ఆ యాంటెనా దగ్గరికి చీకట్లో చాలాసార్లు వెళ్లాను. ఒంటరిగా వెళ్తున్నట్టు మాత్రం ఎన్నడూ అనిపించలేదు.