వెలగని ఎర్ర లైటు

అప్పట్లో నేను డోన్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇల్లు కర్నూల్లో. ఎవరో వాడి అమ్మేసిన చిన్న కారు కొనుక్కుని రోజూ అందులోనే పోయి వచ్చేదాన్ని. సాయంత్రం చీకటి పడితే స్పీడు ముల్లు కనపడేది కాదు. మీటరు వెనకున్న బల్బులు అంత మసకబారాయి. అప్పుడప్పుడే ఊళ్లోకి ఎల్ఈడీ బల్బులు వస్తున్నాయి. కారు సామాన్ల కొట్టాయన ఒక పొట్లం చేతిలో పెట్టి, "పాతవి పీకి ఇవి పెట్టుకోండి మేడమ్. మళ్లీ మార్చే పనే ఉండదు" అన్నాడు.

ఆదివారం వాకిట్లోనే మీటరు విప్పాను. మొత్తం ఏడు బల్బులు. నాలుగు మీటరుకు వెలుతురిచ్చేవి, మూడు హెచ్చరిక లైట్లు. అన్నీ మార్చి పార్కింగ్ లైటు స్విచ్చి వేస్తే, ఆ నాలుగింట్లో రెండే వెలిగాయి. వెలగని వాటి సాకెట్లు ఉప్పుకాగితంతో రుద్దాను. వైర్లు కదిపాను. గంటసేపు అవస్థపడ్డాక గానీ తట్టలేదు, ఎల్ఈడీలో కరెంటు ఒకవైపే పోతుందని. పదేళ్లుగా ఆ సంగతి పిల్లలకు బోర్డు మీద గీసి చెబుతున్నదాన్ని నేనే. సిగ్గుపడి, ఆ రెండింటినీ తిప్పి పెట్టాను. మీటరంతా తెల్లగా వెలిగింది. ఆ సంబరంలో హెచ్చరిక లైట్లను తాళం తిప్పి చూడకుండానే అన్నీ బిగించేశాను.

మర్నాడు తొమ్మిదింటికి కడపలో ఒక కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు. బయటినుంచి వెళ్లే ఎగ్జామినర్‌ని నేనే. నేను పోతే గానీ పిల్లలు మొదలుపెట్టడానికి లేదు. మా అత్త కూడా బయలుదేరింది. కడపలో దిగి బస్సెక్కి కమలాపురంలో ఉన్న చెల్లెల్ని చూడాలని ఆమె ఆశ. తెల్లవారుజామున కారెక్కి తాళం తిప్పగానే ఆమె ముందుకు వంగి చూసింది.

"ఏమ్మా, ఆ ఎర్ర లైటు ఎలగలేదే ఈపొద్దు?"

"ఏ లైటు?"

"బ్యాటరీ బొమ్మ ఉంటాది సూడు, అది. మీ మామ అది ఎలిగి ఆరిపోతేనే బండి కదిలిచ్చేవాడు."

మా మామ లారీ డ్రైవరు. బేతంచెర్ల నాపరాళ్లు తోలేవాడు. పెళ్లైన కొత్తలో ఆమె ఆయనతో పాటు లారీలో ఊళ్లు తిరిగింది. "కొత్త బల్బులు కదత్తా, ఏం కాదులే" అని నేను ఇంజను స్టార్ట్ చేశాను. వెంటనే అందుకుంది కూడా. కానీ ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

నంద్యాల దాటేదాకా హెడ్‌లైట్లు బాగానే ఉన్నట్టు అనిపించాయి. తర్వాత, తెల్లారుతోంది కాబట్టి వెలుగు తగ్గినట్టు కనపడుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆళ్లగడ్డలో ఒక ఎద్దులబండికి హారన్ కొడితే గొంతు బొంగురుపోయినట్టు పలికింది. మలుపులో ఇండికేటరు టిక్కుకీ టిక్కుకీ మధ్య చాలాసేపు పట్టింది. ఆపి చూద్దామంటే మళ్లీ స్టార్ట్ కాదేమోనని భయం. ఆపకపోతే ఎక్కడ ఆగుతుందోనని భయం. అత్త చీర కొంగు వేలికి చుట్టుకుంటూ మీటరు వంకే చూస్తోంది.

చాగలమర్రి దాటాక కారు రెండుసార్లు దగ్గినట్టు ఊగి ఆగిపోయింది. తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. ఏడుంబావు. అటూ ఇటూ శనగ చేలు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ప్రయోగాల ముందు నిలబడి నా కోసం చూసే పిల్లలు కళ్లముందు కదిలి, నాకు ఏడుపొచ్చింది.

నేనింకా బానెట్ ఎత్తుతుండగానే అత్త రోడ్డు మధ్యకు పోయి చెయ్యి అడ్డం పెట్టింది. వస్తున్న ట్రాక్టరు ఆగింది.

"ఏమప్పా, రోంత సాయం చేస్తావా? మా కోడలు పరీచ్చలకు పోవల్ల."

"ఈడికి దగ్గర్లో లారీల షెడ్డు ఉండాదమ్మా. ఆడిదాకా లాగుతా" అన్నాడతను.

తాడు కట్టాడు. ఇంజను ఆగిన కారుకు బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది. ట్రాక్టరు నెమ్మదించినప్పుడల్లా రెండు కాళ్లతో తొక్కుతూ, దాని వెనక గుద్దేస్తానేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ రెండు కిలోమీటర్లు ఈనాటికీ మరిచిపోలేదు.

షెడ్డులో కరెంటు పనులు చేసేది ఒక పెద్ద వయసు సాయిబు. బ్యాటరీకి వైరు తాకించి చూసి, "ఖాళీ అయిపోయినాది. డైనమో దీనికి కరెంటు ఎక్కిచ్చడంల్యా" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు: "తాళం తిప్పితే ఎర్ర లైటు ఎలుగుతాందా అమ్మా?"

నోరు తెరిచే ముందు అత్త వైపు చూశాను. ఆమె వినపడనట్టు రోడ్డు వైపు తిరిగింది.

"ఎలగలేదన్నా. నిన్ననే బల్బులు మార్చినా. ఎల్ఈడీలు" అన్నాను.

ఆయన నవ్వలేదు. మీటరు విప్పి ఆ బల్బు పీకి చూశాడు. "తిరగబడి ఉండాది. సరిగా పెట్టినా శానా బండ్లకు ఇది పనికిరాదమ్మా. ఈ బల్బులోంచి పోయే కరెంటే డైనమోను లేపేది. మీ కొత్త బల్బు ఆ కరెంటు పోనీదు." ఒక డబ్బాలో వెతికి మామూలు తీగబల్బు తీసి బిగించాడు. తన బ్యాటరీకి వైర్లు కలిపి, "ఇప్పుడు తిప్పు" అన్నాడు.

ఎర్ర లైటు వెలిగింది. ఇంజను అందుకుంది. లైటు ఆరిపోయింది. ఆయన వైర్లు తీసేసినా ఇంజను ఆగలేదు.

"కడపదాకా యాడా ఆపొద్దు" అని హెచ్చరించి పంపాడు.

మైదుకూరులో సిగ్నల్ దొరికితే అత్త నా ఫోన్ తీసుకుని, నేను చెప్పినట్టు కాలేజీకి చేసి, మేడమ్ దోవలో ఉండాది అని చెప్పింది. పది దాటాక చేరాం. పిల్లలు వరండాలో రికార్డులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆలస్యం నా తప్పేనని, మీ టైము మీకు పూర్తిగా ఇస్తానని చెప్పి లోపలికి పిలిచాను.

మధ్యాహ్నం మా ఆయన నుంచి ఫోన్ వచ్చింది. బస్సెక్కేముందు అత్త తనకు ఫోన్ చేసిందట. "అంత లేటెందుకైంది? అమ్మనడిగితే, ఆళ్లగడ్డలో టీ తాగుతా మాటల్లో పడి కూచుంటిమి, తప్పంతా నాదేరా అంటాంది" అన్నాడు.

పిల్లలు పిలుస్తున్నారని చెప్పి ఫోన్ పెట్టేశాను.