నక్కలు తిరిగొచ్చిన దిబ్బలు

మొన్న సాయంత్రం వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉంటే సముద్రం వైపు నుంచి నక్క కూత వినబడింది. ఎన్నేళ్ళయిందో ఆ కూత విని. లోపలి నుంచి మా మేనకోడలు, మా అన్న కూతురు, పరుగున వచ్చి, "అత్తా, ఇన్నావా? నక్కలు మళ్ళీ వచ్చీసినాయి!" అని సంబరపడిపోయింది. నేను గింజలు తీస్తూనే ఉన్నాను.

మాది శ్రీకూర్మానికి ఆవల, సముద్రపు ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ ఊరు. నా చిన్నప్పుడు ఊరి పక్కన ఒడ్డు వెంబడి ఇసుకదిబ్బల నిండా మొగలిపొదలు, పొద్దువాలితే నక్కలు. నెలల పిల్లాడైన మా తమ్ముడు జ్వరంతో పోతే, పసిబిడ్డల్ని కాల్చరు కనుక, నాన్న ఆ దిబ్బల్లోనే పూడ్చి, నక్కలు తవ్వకుండా పైన ముళ్ళున్న మొగలిమట్టలు కప్పి వచ్చాడు. అమ్మ రోజూ వెళ్ళి కదిలిన ముళ్ళు సర్దుకుని వచ్చేది, కొంగు పట్టుకుని నేనూ వెళ్ళేదాన్ని. ఏడాది తిరక్కుండానే, తుపాకులు పేల్చడం నేర్పే మైదానం కోసమని మిలటరీ వాళ్ళు దిబ్బలన్నీ తీసుకుని కంచె వేసేశారు. ఆ కంచె పట్టుకుని అమ్మ ఏడ్చిన ఏడుపు నాకు బాగా గుర్తు, అయినా ఇప్పుడు చెబుతుంటే నా గొంతు కూడా వణకడం లేదు.

కాల్పులున్నాయని ఎర్రజెండా ఎగిరిన రోజున చేపలవేటకు వెళ్ళకూడదు, ఆ మోతకు కోళ్ళు బెదిరి గుడ్లు పెట్టడం మానేసేవి, ఊరంతా శాపనార్థాలు పెట్టేది. ఆ ఒడ్డున పెరిగిన నా ఈడువాళ్ళకు ఇవన్నీ గుర్తుండే ఉంటాయి. మా అమ్మ మాత్రం తిట్టేది కాదు. నక్కలన్నీ ఎటో పారిపోయాయని అందరికంటే ముందు ఆవిడే కనిపెట్టింది. "తుపాకులు పేల్తన్నన్నాళ్ళూ నా గుంటడి కాడికి నక్క రాదే" అని పోయిన పిల్లాణ్ణి తలుచుకుని నాతో చెప్పి, ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది. తుపాకులు మోగని రోజుల్లోనే ఆవిడ కంటిమీద కునుకు ఉండేది కాదు.

అమ్మ పోయింది. ఆ తరవాత చాలా ఏళ్ళకు మిలటరీ వాళ్ళూ వెళ్ళిపోయారు. ఇప్పుడు అడవిశాఖ వాళ్ళు ఇసుకలోని ఇనపముక్కలు ఏరించి, గడ్డి వేయించి, మళ్ళీ మొగలి నాటించారు. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తున్నాయి. ఆ గుడ్లకు కాపలా మా మేనకోడలి ఉద్యోగం. నిన్న నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. తమ్ముడి చోటు కోసం చాలాసేపు చూశాను గానీ దిబ్బలు పాత తీరులో లేవు, ఏదీ పోల్చుకోలేకపోయాను. ఇంతకాలానికి అక్కడ నిలబడి కన్నీళ్ళు రాకపోవడం నాకే వింతగా అనిపించింది.

మేనకోడలు గుడ్లున్న గుంట మీద వల పరిచి, "ఆ ముళ్ళకంప ఇలాగియ్యత్తా, నేకపోతే నక్కలు తవ్వీస్తాయి" అంది. ఇవ్వకుండా నేనే పరిచాను, అమ్మ సర్దినట్టు ముళ్ళు బయటివైపుకు ఉండేలా.

నక్కలు వచ్చాయంటే నేల బాగుపడినట్టేనట. కాబోలు. రాత్రి మళ్ళీ కూశాయి. అమ్మ ఉంటే లేచి కూర్చునేది. నేను అటు తిరిగి పడుకున్నాను, వెంటనే నిద్ర పట్టేసింది. మొగలి తిరిగొచ్చింది, తాబేళ్ళు వచ్చాయి, నక్కలూ వచ్చాయి. ఆ కూత విని మా తమ్ముడి కోసం భయపడే మనిషి మాత్రం ఇక లేదు.